మూడో అంతస్తు అడ్రసులు

భీమరాజుకి పక్షవాతం వచ్చి పోయిందంటే చూసినవాళ్లెవరూ నమ్మరు. ఐదు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున్న, రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని తన నాలుగో అంతస్తు ఇంట్లో పళ్లు తోముకుంటున్నవాడు ఉన్నపళంగా కూలబడిపోయాడు. భార్య రాధ కేకలు విని పక్కింటివాళ్లు వచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఇరుకు మెట్ల మీంచి నలుగురు కలిసి కిందికి దించారు. వేళకి ఆసుపత్రికి చేరాడు కాబట్టి చెయ్యి తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. మూతి వంకర కూడా నెల తిరిగేసరికి సర్దుకుంది. అదృష్టవంతుడివన్నాడు డాక్టరు.

తిరిగి రానిది ఒక్కటే. అది డాక్టరు కంట పడలేదు, రాధ కంట పడలేదు. లెక్క.

భీమరాజు కంప్యూటర్ నెట్‌వర్కులు వేసే మనిషి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోశాడు, తండ్రి అదే రేవులో క్రేను తిప్పాడు. ఆ ఇంట్లో బల్ల ముందు కూర్చుని పని చేసిన మొదటివాడు భీమరాజే. ఒక ఆఫీసులో వంద కంప్యూటర్లుంటే, వీధిలో ఇళ్లకున్నట్టే, వందకీ తలా ఒక నంబరుండాలి. ఏ విభాగానికి ఎన్ని నంబర్లు, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అని ఆ వరసని ముక్కలుగా కోసి పంచాలి. ఆ ముక్కకే సబ్‌నెట్ అని పేరు. ముక్కల సైజులు ఎప్పుడూ రెట్టింపుల్లోనే పెరుగుతాయి. మిగతావాళ్లు దానికోసం క్యాలిక్యులేటర్లు తెరుస్తుంటే భీమరాజు కిటికీలోంచి బయటికి చూస్తూ గడగడా చెప్పేసేవాడు. ఆఫీసులో అంతా అతన్ని ‘సయా’ అంటారు, అంటే గురువుగారని. ఆ పిలుపంటే అతనికి చాలా ఇష్టం.

ఇప్పుడు రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు దాకా వెళ్లి ఆగిపోతున్నాడు. తర్వాతది తెలుసు. తెలుసన్న సంగతీ తెలుసు. కానీ అది నోటికి రాదు. ఒక్కోసారి వస్తుంది, పది నిమిషాలు పోయాక ఇంకోటి వస్తుంది. ఏది సరైనదో అతనికే తేలదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆఫీసులో మిగిలింది కూడా తక్కువమందే. కుర్రాళ్లంతా ఒక్కొక్కరే బ్యాంకాక్ అనీ మలేషియా అనీ వెళ్లిపోయారు. మేనేజరు ఊ చో మిన్ అన్ని పనులకీ భీమరాజు మీదే ఆధారపడ్డాడు.

అలాంటి సమయంలో లమ్మడా పేటలో దాతలు నడిపే ఐదంతస్తుల ఆసుపత్రి పని వచ్చింది. యాభై కెమెరాలు, వార్డుల్లో వంద కంప్యూటర్లూ ఫోన్లూ, ల్యాబులో పాతిక, ఆఫీసులో పన్నెండు. అన్నింటికీ కలిపి రెండువందల యాభై ఆరు నంబర్లున్న వరస ఒక్కటే. భీమరాజు మూడు రోజులు కాగితం మీద కుస్తీ పట్టి, కొట్టేసి, మళ్లీ రాసి, నాలుగో రోజుకి ఒక పట్టిక తయారు చేశాడు. నమ్మకం కుదరలేదు. అయినా దాన్నే యంత్రాల్లోకి ఎక్కించేశాడు.

రెండో అంతస్తు వార్డులు బాగానే నడిచాయి. మూడో అంతస్తు నడవలేదు. కింద ల్యాబులో రక్తపరీక్ష అయిపోయినా ఆ రిపోర్టు మూడో అంతస్తు నర్సు కంప్యూటర్లోకి రాదు.

"ఒక్క అంతస్తే పోయిందంటే కేబుల్ తప్పే" అన్నాడు ఊ చో మిన్, నలుగురి ముందూ. ఆ కేబుల్ లాగినవాడు ధనరాజ్. ముప్పై ఆరేళ్లవాడు, ఊరి చివరి ఇన్సేన్ నుంచి రోజూ రైల్లో వస్తాడు. భీమరాజుతో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాడు.

"కేబుల్ బాగానే ఉన్నాది సయా. టెస్టర్ పెట్టి చూసేను, తీగకొకటి ఎనిమిది దీపాలూ వెలిగేయి" అన్నాడు ధనరాజ్, భీమరాజు వైపు తిరిగి. మళ్లీ చూడమన్నారు. చూశాడు. చివర్లు కోసి కొత్తగా బిగించాడు. అయినా మూడో అంతస్తుకి రిపోర్టు రాలేదు.

"సయా, నువ్వేమంటావ్?" అని మేనేజరు భీమరాజు వైపు తిరిగాడు.

భీమరాజు చేతిలోని పట్టిక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కేబులే అయుంటుంది" అన్నాడు.

అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. కేబులే అయితే బాగుండునని మాత్రం గట్టిగా అనుకున్నాడు. మర్నాటి నుంచి ధనరాజ్‌ని పనికి రావద్దన్నారు. ఇంకొకరు దొరికి కేబుల్ మార్చేదాకా మూడో అంతస్తు నర్సులూ ఆయమ్మలూ రిపోర్టు కాగితాలు పట్టుకుని మెట్లెక్కాల్సి వచ్చింది. కరెంటు లేని గంటల్లో లిఫ్టు ఉండదు. మో మో అనే లావుపాటి నర్సు ఒకామె రొప్పుకుంటూ మెట్ల మలుపులో నిలబడిపోవడం భీమరాజు రెండుసార్లు చూశాడు. చూసి తల దించుకుని వెళ్లిపోయాడు.

వారం గడిచింది. ఆ పట్టికని ఒక్కసారి ఎవరిచేతైనా, దేనిచేతైనా సరిచూపించుకోవాలన్న ఆలోచన అతన్ని వదల్లేదు. మనుషుల్ని అడగలేడు. సబ్‌నెట్ లెక్కలు చేసే వెబ్‌సైట్లున్నాయి. కానీ ఇంటర్నెట్ ఉన్నప్పుడు కరెంటుండదు, కరెంటున్నప్పుడు పేజీ తెరుచుకోదు. ఆఫీసులో తెరిస్తే వెనకనుంచి ఎవరైనా చూస్తారు. ఇంటర్నెట్ అక్కర్లేకుండా కంప్యూటర్లోనే ఉండి నడిచే ప్రోగ్రాము కావాలి.

కంప్యూటర్లు అమ్మే బజారుకి వెళ్లి, తెలిసిన దుకాణాలన్నీ దాటేసి, తెలియని దుకాణంలోకి దూరాడు. అక్కడివాడు ఒక పెన్‌డ్రైవులో ఏదో ఎక్కించి ఇచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే, మొదటిసారి నడవాలంటే ఇంటర్నెట్‌కి కలపమంది. భీమరాజుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మర్నాడు మళ్లీ వెళ్లాడు.

దుకాణదారు తల గోక్కున్నాడు. "లమ్మడాలో మందుల హోల్‌సేల్ సందు ఉంది కదా. అక్కడ ఆరు దుకాణాల కంప్యూటర్లు ఒకావిడే చూస్తుంది. ఆవిడ దగ్గర అలాంటిదొకటి ఉంది, ఇంటర్నెట్ అడగదు. ఈ పని చేసేవాళ్లంతా ఆవిడ దగ్గరే ఎక్కించుకుంటారు. మీవాళ్లే. మ పద్మిని అంటారు."

‘మ’ అంటే అక్కగారని. ఆ పద్మిని ఎవరో భీమరాజుకి బాగా తెలుసు.

పద్మిని ఆరేళ్ల కిందట అతని దగ్గరే పని నేర్చుకుంది. వాళ్లది గంజాం నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతారు. ఒకరోజు ఆఫీసులో అందరూ ఉండగా ఆమె లెక్క కోసం క్యాలిక్యులేటర్ తెరిచింది. భీమరాజు వెనకనుంచి వచ్చి ఆమె ల్యాప్‌టాప్ టప్పుమని మూసేశాడు. "ఈ మాత్రం లెక్క బుర్రలో ఆడనివాళ్లకి ఈ పనెందుకు? కేబుల్ కత్తిరించుకోండి చాలు" అన్నాడు. అందరూ నవ్వారు. నెల తిరక్కుండా ఆమె మానేసింది.

వెనక్కి తిరిగిపోదామని బస్టాపు దాకా నడిచాడు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. మెట్ల మలుపులో రొప్పుతున్న మనిషి గుర్తొచ్చింది. రెండో బస్సు లమ్మడా వైపు వెళ్లేది వస్తే ఎక్కేశాడు.

మందుల సందులో అట్టపెట్టెల గుట్టల వెనక, చిన్న ఫ్యాను కింద పద్మిని కూర్చుని ఉంది. చెంపల మీద, బర్మా ఆడవాళ్లు పూసుకునే తనాకా చెక్క గంధం ఎండి పొడిబారింది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"సయా! మీరేటి ఇలాగొచ్చేరు? ఒంట్లో బాగులేదని విన్నాను."

"ఇప్పుడు బాగానే ఉన్నాదమ్మా" అన్నాడు భీమరాజు. ఆమె స్టూలు జరిపి వేస్తే కూర్చున్నాడు. "సబ్‌నెట్ లెక్కలు చేసే ప్రోగ్రాము ఏదో నీ దగ్గరున్నాదట. మా ఆఫీసులో కొత్తగా ఒకమ్మాయి చేరింది. ఆమెకి కావాలి."

పద్మిని అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. అతను చాపిన పెన్‌డ్రైవు తీసుకుని కంప్యూటర్‌కి పెట్టింది. "చాలా చిన్నది సయా. ఎక్కించే పని కూడా లేదు, నొక్కితే తెరుచుకుంటాది. ఎవరు రాసేరో తెలీదు, పేరు కూడా పెట్టుకోలేదు. పాత హార్డ్‌డిస్కు ఒకటి బాగుచెయ్యడానికొస్తే అందులో కనపడింది. ఆ అమ్మాయి లెక్కలేవైనా తెచ్చేరా? ఓసారి వేసి చూసుకోండి, నడుస్తున్నాదో లేదో తెలుస్తాది."

లేవని అనొచ్చు. కానీ అతను వచ్చిందే అందుకు. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. అది అతని చేతిరాతే. ఏడు అంకె నడుముకి అడ్డగీత పెట్టి రాసే మనిషి పద్మినికి తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఆమె కాగితం చూసింది, చూపు తిప్పేసుకుంది.

"మీరే కొట్టండి" అని కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది.

బూడిదరంగు కిటికీ ఒకటి తెరుచుకుంది. బొమ్మల్లేవు, హంగుల్లేవు, నాలుగు గళ్లు. భీమరాజు కెమెరాల లెక్క కొట్టాడు. యాభైకి సరిపోయే ముక్క అరవై నాలుగు నంబర్లది, సున్నా నుంచి అరవై మూడు దాకా. ప్రోగ్రాము ఒప్పుకుంది. తర్వాత వార్డులు. నూట ఇరవై ఎనిమిది నంబర్లు, అరవై నాలుగు దగ్గర మొదలు. నొక్కాడు.

రెండు వరసలూ ఎర్రబడ్డాయి. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని కింద చిన్న అక్షరాల్లో వచ్చింది.

చెరిపేసి మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎరుపే. మూడోసారి ఒక్కో అంకే కాగితంతో పోల్చుకుంటూ కొట్టాడు. మూడోసారీ అంతే.

అప్పుడు తెలిసింది. నూట ఇరవై ఎనిమిది నంబర్ల ముక్క సున్నా దగ్గరైనా మొదలవ్వాలి, నూట ఇరవై ఎనిమిది దగ్గరైనా మొదలవ్వాలి. మధ్యలో అరవై నాలుగు దగ్గర మొదలవడానికి వీల్లేదు. అలా మొదలుపెడితే ఆ ముక్క నడిమికి విరిగి రెండు వేరు వేరు వీధులైపోతుంది. రెండో అంతస్తు ఒక సగంలో, మూడో అంతస్తు ఇంకో సగంలో పడ్డాయి. మూడో అంతస్తు యంత్రాలు తమ గుమ్మం ఎక్కడుందో తెలియక గోడ వైపు తిరిగి నిలబడ్డాయి. ఇరవై ఏళ్లుగా ఎందరికో మొదటిరోజే నేర్పిన పాఠమది.

"కొత్తగా చేరిన అమ్మాయిలు ఇలాంటి తప్పు చేస్తారు సయా" అంది పద్మిని మెల్లగా.

"అమ్మాయెవరూ లేదమ్మా" అన్నాడు భీమరాజు.

బయట వాన మొదలైంది. పెట్టెలు తడవకుండా కూలీలు అటూ ఇటూ పరిగెడుతున్నారు. భీమరాజు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. పళ్లు తోముకుంటూ పడిపోయిన దగ్గర్నుంచి, అరవై నాలుగు తర్వాత ఆగిపోతున్న దగ్గర్నుంచి, మూడో అంతస్తు దాకా. రాధకి కూడా చెప్పని సంగతులు.

అంతా అయ్యాక అంది: "ఆ రోజు మీరన్న మాట నాను మరిచిపోలేదు సయా. మీ దగ్గర మానేసేక నెల రోజులు కంప్యూటర్ ముట్టుకోలేదు. మా అమ్మ బట్టల కొట్లో కూర్చోబెట్టీసింది."

"నాకూ గుర్తున్నాది. అక్షరం అక్షరం."

"గుర్తున్నాదా?"

"అలాంటివేవీ పోలేదమ్మా. లెక్కే పోయింది. ఆ రోజు నాను చేసింది తప్పు. అప్పుడే వచ్చి చెప్పాల్సింది. ఇప్పుడు పని పడింది కాబట్టి చెప్తున్నానని నువ్వనుకున్నా నానేటీ అనలేను."

పద్మిని పెన్‌డ్రైవు తీసి మూత పెట్టి అతని ముందుంచింది. సరే అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. వేరే మాట అడిగింది: "కేబుల్ లాగినోడేటయ్యేడు?"

భీమరాజు అప్పటిదాకా ధనరాజ్ పేరు ఎత్తలేదు. చెప్పిన కథలో ఆ ఒక్క ముక్కా వదిలేశాడు.

"నీకెలా తెలుసు?"

"ఒక్క అంతస్తు పోయిందంటే కేబుల్ మీదే పెడతారు గదా. ఎప్పుడూ అంతే" అంది పద్మిని. "ముందది చూడండి సయా. నంబర్లు నాను సరిచేసి ఉంచుతాను."

ఆ వానలోనే భీమరాజు ఆఫీసుకి వెళ్లాడు. ఇంటికెళ్తే ధైర్యం చల్లారిపోతుందని భయం. లుంగీ మోకాళ్ల దాకా తడిసి కారుతుండగా ఊ చో మిన్ ముందు నిలబడి, తప్పు కేబుల్‌ది కాదనీ తనదనీ చెప్పాడు. ఎందుకు జరిగిందో కూడా చెప్పాడు.

ఊ చో మిన్ చెడ్డవాడు కాదు. కానీ మొహం కందగడ్డలా అయిపోయింది. "వారం పైగా ఆ ఆయమ్మలు మెట్లెక్కారు" అన్నాడు. ఆ తర్వాత, "డాక్టరుకి చూపించుకున్నావా?" అన్నాడు. లేదని భీమరాజు తల ఊపాడు. "ముందు చూపించుకో. ఇకమీదట నీ లెక్క ఇంకొకరు చూడకుండా ఏ పనిలోకీ పోదు. ధనరాజ్‌ని వద్దన్నవాణ్ని నేనే. కానీ పిలుచుకు రావలసింది నువ్వు."

న్యాయమేననిపించింది భీమరాజుకి. సిగ్గుగా కూడా అనిపించింది. రెండూ కలిపి దిగమింగుకున్నాడు.

ఇంటికెళ్లి రాధకి చెప్పాడు. ఆమె కూర తరుగుతున్నది ఆపేసింది. "ఐదు నెల్లు నా ఎదురుగుండా అన్నం తింటూ ఈ మాట కడుపులో పెట్టుకున్నారా?" అని మాత్రం అంది. వంట ముగించి, అతనికి వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. పొద్దున్న లేచేసరికి మాత్రం అతనికంటే ముందే తయారై, గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఇన్సేన్ నేనూ వస్తాను. మెట్లవీ దిగాలి, మీరొక్కరూ ఎందుకు" అంది.

ఇన్సేన్ స్టేషన్ నుంచి పావుగంట నడక. ధనరాజ్ రేకుల ఇంటి ముందు నిచ్చెన మీద నిలబడి గోడకి రంగు వేస్తున్నాడు. వాళ్ల బావమరిదితో కలిసి రంగుల పనికి వెళ్తున్నాడట, మిగిలిన రంగు సొంత గోడకి పూసుకుంటున్నాడు. భీమరాజుని చూసి కూడా దిగలేదు. అతని భార్య దేవి లోపల్నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది.

"కేబుల్ బాగానే ఉన్నాది ధనరాజూ. నా లెక్కే తప్పింది" అన్నాడు భీమరాజు, కూర్చోకుండానే.

బ్రష్షు గోడ మీదే ఆగింది. "ఆ మాట నాను ఆ రోజే చెప్పేను. ఎనిమిది దీపాలూ వెలిగేయని చెప్పేను. నిన్న కాదు, మొన్న కాదు, పదిహేనేళ్లయి మీ ఎనకాల కేబుల్ లాగుతున్నాను. మీరొక్కరు ఆ రోజు ‘కాదు, వాడి పని తప్పవదు’ అనుంటే..."

"అనలేదు."

"ఎందుకు అనలేదు సయా?"

"నా బుర్ర పని చెయ్యట్లేదని అందరికీ తెలిసిపోతాదని భయమేసింది."

ధనరాజ్ నిచ్చెన దిగాడు. రంగు చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. భీమరాజు చెప్పిందంతా విన్నాడు. కోపం పోలేదు గానీ, ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా అయిపోయాడు. మా నాన్నకీ ఇలాగే వచ్చిందని దేవి లోపల్నుంచి అంది. రాధ ఆమె దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"ఊ చో మిన్‌తో చెప్పేరా?"

"నిన్ననే చెప్పేను. అందరి ముందూ నిన్నన్నారు కాబట్టి, అందరి ముందూ మళ్లీ చెప్తాను."

"చెప్పండి" అన్నాడు ధనరాజ్. "చెప్పేక వస్తాను."

శనివారం ఆఫీసులో అందరూ ఉండగా భీమరాజు చెప్పాడు. ధనరాజ్ గుమ్మం దగ్గర నిలబడి చివరిదాకా విని, బల్ల మీదున్న టెస్టర్ తీసుకుని సంచిలో వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్న లమ్మడా ఆసుపత్రిలో పని మొదలైంది. పద్మిని సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. ఎవరూ పిలవలేదు, సరిచేసిన పట్టిక పట్టుకుని తనే వచ్చింది. అన్నింటికంటే పెద్ద ముక్క ముందు కోయాలి. అందుకని వార్డులకి సున్నా నుంచి నూట ఇరవై ఏడు దాకా ఇచ్చి, ఆ వెనక కెమెరాలు, ఆ వెనక ల్యాబు, చివర ఆఫీసు. భీమరాజు చదువుతుంటే పద్మిని యంత్రాల్లోకి ఎక్కించింది, ధనరాజ్ అంతస్తు అంతస్తుకీ తిరిగి ఒక్కో కంప్యూటరూ ఆపి తెరిచాడు. పన్నెండు దాటాక మూడో అంతస్తు నర్సుల గది నుంచి కేక వినపడింది. మో మో కంప్యూటర్లో ఆ పొద్దుటి రిపోర్టులు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, రెండు కాళ్లూ ముందుకు చాపుకుంది.

వెళ్లేముందు పద్మిని అంది: "వచ్చే వారం మా దుకాణాలకి ఇంకో రెండు కలుస్తున్నాయి సయా. ఎలా పంచితే బాగుంటాదో ఓసారి వచ్చి చూస్తారా? లెక్క నాను చేసుకుంటాను. ఎలాగ పంచాలన్నది నాకు మీకున్నంత తెలీదు." భీమరాజు తల ఊపాడు.

కింద క్యాంటీన్‌లో ధనరాజూ అతనూ మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, తినడానికి కూర్చున్నారు. చేపల పులుసు సగమయ్యాక ధనరాజ్ అడిగాడు, తలెత్తకుండానే:

"పదిహేనేళ్లయి గొట్టాల్లోంచి తీగలు లాగుతున్నాను. ఆటి లోపల ఏటి పోతాదో ఒక్క ముక్క తెలీదు. ఈ నంబర్లేటి సయా? అరవై నాలుగు దగ్గర ఎందుకు మొదలవ్వకూడదు?"

భీమరాజు గిన్నె పక్కకి జరిపి, సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. బూడిదరంగు కిటికీ తెరిచాడు. ఎందుకన్నది చెప్పడం మొదలుపెట్టాడు, ఒక వీధి, ఆ వీధికి రెండు కొసలు, కొసకి ఒక ఇల్లు ఎందుకు ఖాళీగా వదలాలి, ఇలా. మాటలు ఒకదాని వెనక ఒకటి తేలిగ్గా వచ్చాయి. అంకె దగ్గరికి వచ్చినప్పుడు ఆగి గడిలో కొట్టి చూపించాడు, చూపించి మళ్లీ ముందుకు వెళ్లాడు. ధనరాజ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇప్పుడు నువ్వు కొట్టు" అన్నాడు భీమరాజు. "ముప్పై మంది ఉండే వీధి కావాలనుకో. ఏటి చేస్తావు?"